పసుపు చీర కట్టిన సోమవారం

శివరాత్రి వెళ్ళి ఎండలు మొదలయ్యే రోజుల్లో కట్టుకోవడానికి నాకంటూ ఇష్టమైన బట్టలు కొన్ని ఉండేవి. గంజి పెట్టని పలచటి మల్లు నూలు చీర ఒకటి. తెల్ల ఓణీ ఒకటి, ఉతికి ఉతికి మెత్తబడినది. బుట్టచేతుల జాకెట్టు ఒకటి, చంకల కింద గాలి ఆడేది. మా సముద్రతీరంలో ఆ నెలల్లో పొద్దుటిపూట ఉక్కగా ఉంటుంది, మధ్యాహ్నం దాటగానే గాలి తిరుగుతుంది. గంజి పెట్టిన చీర ఆ గాలికి పటపటలాడుతుంది. పలచని నూలు చీరయితే ఒంటికి చల్లగా ఉంటుంది. ఏ బట్ట నాకు హాయో చిన్నప్పుడే తెలుసు. నచ్చింది కట్టుకోవడమంటే భయమని కూడా చిన్నప్పుడే తెలుసు.

మా నాయన చర్చిలో ఉపదేశి. ఇందుకూరుపేట చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ప్రార్థనలు జరిపేవాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. అమ్మది కూడా తెల్లచీరే, సన్నని నల్ల అంచుతో. మా సంఘంలో పెద్దవాళ్ళు చాలామంది ఆదివారాలు అట్లాగే వచ్చేవాళ్ళు. రంగులు కట్టకూడదని ఎవరూ నాతో అనలేదు, అనే అవసరం రాలేదు. నాకు పదేళ్ళప్పుడు, యాభైలు మొదలయ్యే కాలంలో, నెల్లూరు నుంచి వచ్చిన చుట్టాలావిడ నా జడకి చిలకపచ్చ రిబ్బను కట్టింది. సాయంత్రం నాయన ఇంటికొచ్చి నన్ను దగ్గరికి పిలిచాడు. కోప్పడలేదు. రిబ్బను ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకుని ప్రార్థనకి కూర్చున్నాడు. ఆ ప్రార్థన అయ్యేవరకూ నా అరచేతులు చెమటలు పడుతూనే ఉన్నాయి. రెండు దెబ్బలు వేసి ఉంటే అంత భయపడేదాన్ని కాదేమో.

అరవైలు మొదలైన కొన్నాళ్ళకి టీచరు ట్రైనింగు ముగించుకున్నాను. మైపాడు దగ్గర, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లెలో ఉద్యోగం వేశారు. బస్సు దిగి సరుగుడు తోపులోంచి ఇసుకలో మైలు నడవాలి. బడి అంటే తాటాకు పాక, నల్లబల్ల, నేను. పల్లెలో ఒంటరిగా ఉండే ఒక అవ్వ ఇంట్లో గది తీసుకున్నాను. అవ్వ ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. చిన్నప్పుడు మశూచికం పోసి బతికిందట. మాట గట్టిది, మనసు మంచిది.

నాకు అప్పుడు మూడు చీరలుండేవి, మూడూ తెల్లవి. ఆ పల్లెలో ఆడవాళ్ళు ఎర్రవి, ఆకుపచ్చవి కట్టేవాళ్ళు, ముఖానికి పసుపు పూసుకునేవాళ్ళు. నేను చేరిన పది రోజులకి బావి దగ్గర ఒకామె నా బిందెలో నీళ్ళు పోస్తూ మెల్లగా అడిగింది.

"నీ మొగుడు పోయి ఎన్నాళ్ళయింది పంతులమ్మా?"

నాకు పెళ్ళి కాలేదని చెప్పాను. ఆమె నా చీర వంక చూసి, "మరి ఇదేంది?" అంది. ఆ ఊళ్ళో తెల్లచీర మొగుడు పోయినవాళ్ళది. పెళ్ళికి పోయే ఆడవాళ్ళు పొద్దున్నే నేనెదురైతే ఎందుకు పక్కకి తప్పుకుంటున్నారో ఆ రోజు అర్థమైంది. మా వాళ్ళలో భక్తికి గుర్తు, ఇక్కడ చావుకి గుర్తు. మధ్యలో నాకేం కావాలో నన్నెవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

మరుసటి ఫాల్గుణంలో నెల్లూరు పోయినప్పుడు బట్టల కొట్టుకి వెళ్ళాను. గుమాస్తా నన్ను చూడగానే తెల్లచీరలు పరిచాడు. నేను వాటిని చేత్తో పట్టి చూస్తున్నట్టు నటిస్తూ, ఆయన వెనక అరలో ఉన్న ఒక చీరని చూస్తున్నాను. పసుపు రంగు నూలు చీర, పచ్చి పసుపు కొమ్ము విరిస్తే లోపల ఉండే రంగు. వేపాకు రంగు అంచు. రెండుసార్లు వీధిలోకి తొంగి చూశాను, మా సంఘం వాళ్ళెవరైనా పోతున్నారేమోనని. చివరికి వేలు చూపించాను.

"అదా?" అన్నాడు గుమాస్తా. "ఎవురికమ్మా?"

"మా అక్కకి," అన్నాను. నాకు అక్క లేదు.

నెల రోజులు అది ట్రంకుపెట్టె అడుగున ఉంది. బడి వదిలాక తలుపేసుకుని కట్టుకునేదాన్ని. గదిలో నాలుగడుగులు అటూ ఇటూ నడిచి, మళ్ళీ విప్పి మడత పెట్టేదాన్ని. నా ఒంటిచాయకి ఆ పసుపు బాగుందని చిన్న అద్దంలో ముక్కలు ముక్కలుగా చూసుకుని తెలుసుకున్నాను. ఒకరోజు అవ్వ తలుపు తోసుకుని వచ్చేసింది. నేను పైట పట్టుకుని గోడకి అంటుకుపోయాను.

"ఎవురి కోసం దాస్తుండావు?" అంది.

"ఎవురి కోసమూ కాదవ్వా."

"నీ కోసమే గదా కొనుక్కునింది. పెట్టెలో చెమ్మ తగిలి బూజు పడతాది. కట్టుకో."

అని, తనకి పనున్నట్టు వెళ్ళిపోయింది. ఆ వారమే దొరవారిసత్రం దగ్గర కూతురింటికి ప్రయాణమైంది.

ఆ శని, ఆదివారాలు నేను మా ఊరు పోలేదు. నెల్లూరులో నాతో చదువుకున్న స్నేహితురాలి ఇంట్లో ఉన్నాను. సోమవారం తెల్లారి అక్కడే పసుపు చీర కట్టుకున్నాను. మైపాడు బస్సెక్కి కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాను. ఇందుకూరుపేటలో మా సంఘపు పెద్ద ఒకాయన ఎక్కాడు. నన్ను చూశాడు. చీర అంచు నుంచి పైట దాకా చూశాడు. నేను దండం పెట్టాను. ఆయన తలాడించి ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన దిగేదాకా పైట కొస వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. ఆ రోజుకి భయపడాల్సింది అదేననుకున్నాను.

బస్సు దిగి సరుగుడు తోపులోకి వచ్చాను. రోజూ ఇద్దరు ముగ్గురు పిల్లలు అక్కడిదాకా ఎదురొచ్చి నా సంచి అందుకునేవాళ్ళు. ఆ రోజు ఎవరూ లేరు. తోపు దాటగానే ఒడ్డు మీద పడవలన్నీ కనిపించాయి. ఒక్కటీ సముద్రంలోకి పోలేదు. వలలు ఆరేసినవి ఆరేసినట్టే ఉన్నాయి. మొదటి ఇంటి గుమ్మానికి వేపమండలు, గడపకి పసుపు. రెండో ఇంటికీ వేపమండలు. తాలింపు వాసన ఒక్క ఇంట్లోంచీ రావడం లేదు.

ఒక ముసలామె అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. తర్వాత రెండు చేతులూ జోడించి, అట్లాగే ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని తల నేలకి ఆనించింది.

నేను వెనక్కి చూశాను, నా వెనక ఎవరున్నారా అని. ఎవరూ లేరు.

ఒక్కొక్క ఇంట్లోంచి జనం బయటికి వచ్చారు. పిల్లల్ని మాత్రం లోపలికి లాక్కున్నారు. కొందరు దండం పెట్టారు. కొందరు గోడకి అతుక్కుని నన్ను తప్పుకున్నారు. నాతో రోజూ నవ్వుతూ మాట్లాడేవాళ్ళే. ఏమైందని అడిగితే ఎవరూ చెప్పలేదు. చివరికి ఊరిపెద్ద వచ్చాడు. ఆయన వెనక ఐదారుగురు మగవాళ్ళు. ఒకడి చేతిలో తెడ్డు ఉంది. ఏదో పనిలో ఉండి అట్లాగే పట్టుకొచ్చాడేమో, నాకు మాత్రం ఆ తెడ్డే కనిపిస్తోంది.

"ఎవురు కట్టమన్నారమ్మా నిన్ను ఈ చీర?" అన్నాడు ఊరిపెద్ద.

"ఎవురూ చెప్పలేదు పెద్దాయనా. నాకు నచ్చి కట్టుకున్నా."

"ఈ పొద్దే ఎందుకు కట్టినావు?"

"ఈ పొద్దు ఏముంది?"

ఆయన పక్కింటి వేపమండల వైపు చెయ్యి చూపించాడు. "శనివారం నుంచి ఊళ్ళో అమ్మవారు పోస్తా ఉండాది. నాలుగిళ్ళలో. నీకు తెలవదా?"

అమ్మవారు పోయడమంటే మశూచికం. ఆ మాట వినగానే నేను నా చీర వంక చూసుకున్నాను. పసుపు ఒళ్ళు, వేపాకు అంచు. ఆ గుమ్మాలకి కట్టిన వేపమండలు, ఆ గడపలకి పూసిన పసుపు, రెండూ నా ఒంటి మీదే ఉన్నాయి.

"ఆ అంచు చూడండి," అన్నాడు తెడ్డు పట్టుకున్నతను. "ఈళ్ళు మన దేవతని మొక్కరు గదా. ఎగతాళికే కట్టినాది."

"ఎగతాళి గాదు," అంది వెనక నుంచి ఒకామె. "దానికి తెలవకుండా అమ్మే కట్టించినాది. అమ్మే వచ్చినాది."

ఇటు వాళ్ళు నా మీద పడతారేమోనని భయం. అటు వాళ్ళు నాకు మొక్కుతారని భయం. రెండింటిలో ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను. విగ్రహానికి దండం పెడితేనే తప్పని విని పెరిగినదాన్ని. ఇప్పుడు నాకే దండాలు పెడుతున్నారు. ఆకాశం విరిగి మీద పడుతుందనిపించింది.

అప్పుడు నా బడిలో ముందు వరసలో కూర్చునే ఏడేళ్ళ పిల్ల తల్లి జనాన్ని తోసుకుని వచ్చింది. మూడు రోజులుగా తల దువ్వుకున్నట్టు లేదు.

"మా పాప పంతులమ్మా పంతులమ్మా అని కలవరిస్తా ఉండాది. ఒకసారి వచ్చి కనపడు తల్లీ," అంది.

నేను ధైర్యంతో పోలేదు. ఆ జనం మధ్య నిలబడటం కంటే ఎక్కడికైనా కదలడం మేలనిపించి కదిలాను. దారిలో ఎడమ జబ్బ మీద చిన్నప్పటి టీకా మచ్చని జాకెట్టు మీదుగా తడుముకుంటూనే ఉన్నాను. అది ఎన్నేళ్ళు కాపాడుతుందో నాకు తెలియదు.

ఇల్లు చీకటిగా ఉంది. వేపాకుల మీద పిల్ల పడుకుని ఉంది. ఆ ముఖం గురించి ఎక్కువ రాయను. కళ్ళ రెప్పల మీద కూడా పొక్కులున్నాయి. నేను గడపలోనే నిలబడ్డాను. ఎవరో చెంబుతో పసుపు నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పొయ్యడానికి వంగారు. నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

"పొయ్యొద్దు," అన్నాను. "నేను అమ్మవారిని కాదు. ఈ బిడ్డకి అక్షరాలు దిద్దించే పంతులమ్మని. చీర కొట్లో కొనుక్కున్నా."

చెంబు పట్టుకున్న చెయ్యి అట్లాగే ఆగింది. వెనక గుసగుసలు. లోపల్నుంచి పిల్ల గొంతు సన్నగా వినిపించింది.

"కొత్త చీరా?"

"ఊ."

"ఎవురు కొనిచ్చినారు?"

"నేనే కొనుక్కున్నా."

పిల్ల చెయ్యి చాపింది, అంచు పట్టుకుని చూద్దామని. ఆ చేతి నిండా పొక్కులు. తాకకముందే నేను కొంగు వెనక్కి లాక్కున్నాను. పిల్ల చూసింది. చెయ్యి వేపాకుల మీద పెట్టేసుకుంది. తల్లి కూడా చూసింది.

అరవయ్యేళ్ళు కావస్తోంది. ఆ లాక్కున్న క్షణం మరిచిపోలేదు. కాసేపు గడపలో అట్లాగే ఉండి, తర్వాత లోపలికి పోయి, కొంగు ఆ చేతికి అందేటట్టు కూర్చున్నాను. పిల్ల రెండు వేళ్ళతో అంచు పట్టుకుంది. "నున్నగా ఉండాది," అంది. తల్లి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పోస్తుంటే తాగింది. అంతసేపూ నా పళ్ళు గట్టిగా బిగించుకునే ఉన్నాను. బయటికి వచ్చేసరికి జనం పలచబడ్డారు. తెడ్డు పట్టుకున్నతను దారి ఇచ్చాడు, నా వంక చూడలేదు.

విషయం తెలిసి అవ్వ మరుసటి రోజే కూతురింటి నుంచి వచ్చేసింది. "నాకెప్పుడో పోసింది, నన్నింకేం చెయ్యదు," అని ఇంటింటికీ తిరిగి సాయం చేసింది. బుధవారం టీకాల ఉద్యోగి ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళు తోపు దాటేలోపే ఆడవాళ్ళు బాగున్న పిల్లల్ని ఎత్తుకుని వెళ్ళి దాక్కున్నారు. టీకా వేయించుకుంటే అమ్మవారికి కోపమొస్తుందని, సూదితోనే జబ్బు ఎక్కిస్తారని భయం. వాళ్ళ భయం నాకు కొత్తగా అనిపించలేదు.

ఉద్యోగి బడి పాకలో కూర్చుని నా కథంతా విన్నాడు. "ముందు ఆ చీర సోడా వేసి ఉడకబెట్టండి. జబ్బింట్లో కూర్చున్న బట్ట," అన్నాడు. తర్వాత కాస్త ఆలోచించి, "ఆరినాక రేపు అదే కట్టుకుని రండి. మీరు ముందు నిలబడితే అందరూ వస్తారు. మా పని తేలికవుతుంది," అన్నాడు.

అవ్వ పెద్ద బానలో నీళ్ళు కాచి సోడా వేసింది. చీర ఉడుకుతుంటే రంగు దిగిపోయింది. అంచులోని ఆకుపచ్చ పసుపులోకి పాకింది. ఆరేసినప్పుడు చూస్తే అక్కడక్కడా పాచి పట్టినట్టు మరకలు. నాకు ఏడుపొచ్చింది. ఊళ్ళో పిల్లలు చావుబతుకుల్లో ఉంటే చీర కోసం ఏడుస్తున్నానని సిగ్గు కూడా వేసింది.

"రేపు కట్టుకో," అంది అవ్వ. "కట్టుకుంటే వస్తారు, ప్రాణాలు నిలబడతాయి. నీ సొమ్మేం పోయింది?"

నేను చాలాసేపు ఆలోచించాను. అవ్వ మాటలో తప్పు లేదు. కానీ అది నాకు నచ్చి కొనుక్కున్న చీర. దేవత వేషమని దాన్ని చూపించి, వాళ్ళ భయాన్ని పట్టుకుని లాక్కురావడానికి నాకు మనసొప్పలేదు. రేపు టీకా వేయించుకున్న బిడ్డ పోతే? అప్పుడు ఆ చావు పసుపు చీర కట్టినదాని మీదే పడదా? ఆ భయం కూడా ఉంది, లేదని అనను.

గురువారం పొద్దున నీలం అంచు తెల్లచీర కట్టుకుని బడి ముందు నిలబడ్డాను. ఉద్యోగి ముఖం చిన్నబోయింది. దూరంగా ఇళ్ళ సందుల్లోంచి చూస్తున్నారు. జాకెట్టు చెయ్యి పైకి మడిచాను. "ఇది చిన్నప్పటి టీకా. ఇప్పుడు మళ్ళీ వేయించుకుంటా. మీరు చూడండి," అన్నాను. అతను మందు చుక్క వేసి, పళ్ళున్న గుండ్రటి సూదిని నా జబ్బ మీద తిప్పాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నొప్పి కొంచెమే. కళ్ళు తెరిచేసరికి అందరూ ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. ఎవరూ రాలేదు.

చాలాసేపటికి ఒకామె కదిలింది. జబ్బు పడ్డ పిల్ల తల్లి. చంకలో చంటిబిడ్డ. నా పక్కకొచ్చి నిలబడి, "ఈమె మా ఇంట్లో కూర్చునింది," అని ఎవరితోనో అన్నట్టు అని, బిడ్డ చెయ్యి ముందుకి చాపింది. ఆమె వెనక బావి దగ్గర నన్నడిగినామె. తర్వాత మరో ఇద్దరు. సాయంత్రానికి సగం ఊరు వేయించుకుంది. మిగిలిన సగం వేయించుకోలేదు.

ఆదివారానికి నాకు జ్వరం వచ్చింది. జబ్బ వాచి ఎర్రబడింది. టీకా జ్వరమని అవ్వ అంది గానీ, నాకు ఆ పిల్ల చెయ్యే కళ్ళ ముందుంది. అద్దం అడిగి తెప్పించుకుని ముఖం చూసుకున్నాను. నుదుటి మీద చెమటకాయ ఒకటి కనబడితే ఒళ్ళు చల్లబడింది. మా ఇంటికి కబురు పెట్టొద్దని అవ్వని బతిమాలాను. జబ్బు కంటే నాయనకి తెలుస్తుందనే దిగులు.

సోమవారం మధ్యాహ్నం నాయనే వచ్చాడు. బస్సులో చూసిన పెద్దమనిషి చీర సంగతి చెప్పాడట. మైపాడు సంతలో చేపలమ్మే వాళ్ళు, ఉపదేశి కూతురు అమ్మవారై నిలబడిందని చెప్పుకుంటున్నారట. రెండూ కలిసి ఆయన చెవిన పడ్డాయి.

"లోపలికి రాబాకయ్యా," అంది అవ్వ, "జరం ఏందో ఇంకా తెలవలా."

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. మంచం పట్టె మీద కూర్చుని నా నుదుటి మీద చెయ్యి వేశాడు. తీసి మళ్ళీ వేశాడు. నాయన నన్ను అట్లా తడిమి చూడటం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

"యాడుంది ఆ చీర?" అన్నాడు.

దండెం మీద ఉంది. చూపించాను. ఆయన లేచి దాని దగ్గరికి పోయి మరకల మీద వేలు పెట్టి చూశాడు.

"ఎందుకు కొన్నావు?"

"నచ్చింది నాయనా."

"వాళ్ళు మొక్కితే ఏం చేసినావు?"

"వద్దన్నా. పంతులమ్మనని చెప్పినా. ముందు భయమేసి నోరు రాలేదు. తర్వాత చెప్పినా."

నేను దుప్పటి కొస నలుపుతూ పడుకున్నాను. ఇప్పుడు చీర తీసి మడతపెట్టి సంచిలో వేసుకుంటాడని చూస్తున్నాను. ఆయన మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"మీ అమ్మకి, నాకు చెప్పకుండా నెల్లూరులో కట్టుకున్నావు," అన్నాడు. "అది నాకు కష్టమైంది. రంగు గాదు."

"మీరు ఒప్పుకోరని."

"ఒప్పుకోనేమో. అడగలేదు గదా." దండెం మీది చీర వంక చూసి, "ఈస్టరుకి ఇదే కట్టుకొని చర్చికి రా. దాచబాక," అన్నాడు.

ఆ మాటకి సంతోషం రాలేదు. అన్ని తెల్లచీరల మధ్య దీన్ని కట్టుకుని ఎట్లా కూర్చోవాలా అనుకున్నాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశాడు. ఊళ్ళో జబ్బు పడ్డ పిల్లలందరి కోసం చేశాడు. అవ్వ గుమ్మం దగ్గర నిలబడి వింది. సాయంత్రం బస్సుకి పోకుండా రెండు రోజులు మా వసారాలోనే ఉన్నాడు.

నా జ్వరం మూడో రోజుకి తగ్గింది. టీకా జ్వరమే. అయినా పదిహేను రోజులు రోజూ లేవగానే అద్దం పట్టుకుని, వెలుతురులోకి పోయి, చెవుల వెనకా మెడ కిందా వెతుక్కునేదాన్ని. బడి మూసే ఉంది. ఆ పదిహేను రోజుల్లో పల్లెలో ఇద్దరు చంటిబిడ్డలు పోయారు. ఇద్దరివీ టీకా వేయించని ఇళ్ళే. అయినా ఎవరూ ఆ మాట పైకి అనలేదు, నేనూ అనలేదు. ముందు వరస పిల్ల బతికింది. ఎడమ కంటిలో పువ్వు పడింది. ఆ తర్వాత నల్లబల్ల చూడటానికి తల కొంచెం పక్కకి తిప్పి కూర్చునేది.

ఈస్టరు ఆదివారం వచ్చింది. మరకల పసుపు చీర కట్టుకుని చర్చిలోకి అడుగుపెట్టాను. లోపల అంతా తెలుపే. నా కళ్ళకి ఆ తెలుపు తప్ప మనుషులు ఆనలేదు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్నాను. పక్కనున్న ఇద్దరు పెద్దావిడలు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని లేచి, ముందు వరసలోకి వెళ్ళి కూర్చున్నారు. నా రెండు వైపులా చాప ఖాళీగా ఉంది. బస్సులో చూసిన పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. నాయన వేదిక మీద నిలబడి పుస్తకం తిరగేస్తున్నాడు. ఆయన నా వంక చూడలేదు. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే బయటిదాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టుకున్నాను.

పాట మొదలైంది. అమ్మ ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేది. పాట మధ్యలో లేచి, పుస్తకం చంకలో పెట్టుకుని వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. నా కుచ్చెళ్ళు చాప బయట ఇసుకలో పడి ఉంటే దులిపి లోపలికి సర్దింది. ఆరాధన అయ్యేవరకూ నా చెమట పట్టిన చెయ్యి అమ్మ మోకాలి మీదే ఉంది.

బయటికి వచ్చాక కొందరు పలకరించారు, కొందరు పలకరించలేదు. ముందుకెళ్ళి కూర్చున్న ఇద్దరిలో ఒకావిడ ఆ తర్వాత రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. నాయన నా బట్టల ఊసు మళ్ళీ ఎత్తలేదు. నచ్చిందనీ అనలేదు.

ఆ పల్లెలో ఇంకో నాలుగేళ్ళు పనిచేశాను. ఉల్లిపొర రంగు చీర కొనుక్కున్నాను, వంకాయ రంగుది ఒకటి కొనుక్కున్నాను. మధ్యాహ్నపు గాలికి తెల్ల మల్లు చీరంత హాయి ఇంకేదీ కాదని తోచిన రోజున తెల్లదీ కట్టుకున్నాను. ఎవరేమనుకుంటారో అన్న బెదురు పూర్తిగా పోయిందని చెప్పలేను, కొంచెం వెనక్కి తగ్గింది. పోనిది ఇంకోటి. ఎన్నో ఏళ్ళపాటు, శివరాత్రి దాటి ఎండలు మొదలవగానే, తెల్లారి లేచి ముందు అద్దం తీసుకుని వాకిట్లోకి పోయేదాన్ని. నుదురు, బుగ్గలు, చెవుల వెనక, మెడ. ఏమీ లేదని తెలిశాకే లోపలికొచ్చి పెట్టె తెరిచి, ఆ రోజు ఏం కట్టుకోవాలో చూసుకునేదాన్ని.